బడి గంట తరువాత: సాయంత్రపు తరగతిలో క్రమశిక్షణ ఎవరి చేతిలో ఉంది?

సాయంత్రం నాలుగు దాటాక బడి గంట మోగుతుంది. ఐదున్నరకు అవే పుస్తకాల సంచులు మరొక గుమ్మం ముందు వరుసగా చేరతాయి. అది గుడి మండపం కావచ్చు, పంచాయతీ భవనపు వరండా కావచ్చు, అంగన్‌వాడీ గది కావచ్చు, డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి ఇంటి అరుగు కావచ్చు. పగలంతా బల్లల మీద కూర్చుని వచ్చిన పిల్లలు మరో గంటన్నర నేల మీద కూర్చోవాలి. అందులో రెండో తరగతి పిల్లవాడు ఉంటాడు, వాడి చెయ్యి పట్టుకుని వచ్చిన ఏడో తరగతి అక్క ఉంటుంది, మీసకట్టు రాబోతున్న కుర్రవాళ్ళు ఇద్దరు ముగ్గురు గోడకు చేరగిలబడి ఉంటారు. ఇంతమందినీ ఒక దారిన పెట్టవలసిన వ్యక్తికి బి.ఎడ్. పట్టా ఉండదు. మార్కులు తగ్గించే అధికారం లేదు. టి.సి. ఇచ్చి పంపించే అధికారం అంతకన్నా లేదు.

అల్లరి చేసిన పిల్లవాడిని ఆ వ్యక్తి ఏమి చేయాలి?

చూడడానికి ఇది చిన్న ప్రశ్న. కానీ దేశంలో బడి వేళల తరువాత సాగే చదువు ఎంత విస్తరించిందో గమనిస్తే దీని బరువు అర్థమవుతుంది. గ్రామీణ విద్యా స్థితిగతులపై వెలువడే 'అసర్' నివేదిక ప్రకారం, ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లల్లో డబ్బు చెల్లించి ట్యూషన్‌కు వెళ్ళేవారు 2018లో 26.4 శాతం ఉండగా, 2022 నాటికి 30.5 శాతానికి చేరారు. పశ్చిమ బెంగాల్, బిహార్ రాష్ట్రాలలో ఇది 70 శాతం పైమాటే. డబ్బు తీసుకోని సాయంత్రపు కేంద్రాలు ఈ లెక్కలోకి రావు. స్వచ్ఛంద సంస్థలు నడిపేవి, ప్రభుత్వాలు నడిపేవి, వసతిగృహాలలో రాత్రి భోజనానికి ముందు జరిగే స్టడీ అవర్లు, పదో తరగతి పరీక్షల ముందు తెలుగు రాష్ట్రాల ఉన్నత పాఠశాలల్లో పెట్టే ప్రత్యేక తరగతులు, అన్నీ దానికి అదనం. బడిలో క్రమశిక్షణ గురించి దశాబ్దాలుగా చర్చ ఉంది, చట్టం ఉంది, కోర్టు తీర్పులు ఉన్నాయి. బడి అయిపోయాక గడిచే ఆ గంటన్నర గురించి మాత్రం మనం మాట్లాడుకున్నది తక్కువ.

రాకుండా ఉండగల విద్యార్థి

ఈ తరహా కార్యక్రమాలలో ఇటీవలి కాలపు పెద్ద ఉదాహరణ తమిళనాడులోని 'ఇల్లం తేడి కల్వి'. ఇల్లు వెతుక్కుంటూ వచ్చే చదువు అని ఆ పేరుకు అర్థం. కరోనా కాలంలో బడులు మూతపడి పిల్లలు కోల్పోయిన చదువును తిరిగి కూడగట్టేందుకు 2021 అక్టోబరు 27న విళుప్పురం జిల్లాలో ముఖ్యమంత్రి ఎం.కె. స్టాలిన్ దీనిని ప్రారంభించారు. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు సాయంత్రం ఐదు నుంచి ఏడు గంటల మధ్య, వారు ఉండే వీధిలోనే, ఆ ఊరి వాలంటీరు చేత చదువు చెప్పించడం పథకం. ఒక్కొక్కరి దగ్గర సుమారు ఇరవై మంది పిల్లలు. వాలంటీరుకు నెలకు వెయ్యి రూపాయల గౌరవ పారితోషికం. కార్యక్రమం ఉచ్చస్థితిలో ఉన్నప్పుడు సుమారు రెండు లక్షల మంది ఇందులో పనిచేశారు. వారిలో అత్యధికులు మహిళలు.

ఫలితం ఏమిటన్న దానికి అంచనా ఉంది. అభిజీత్ సింగ్, మారిషియో రొమేరో, కార్తీక్ మురళీధరన్ అనే ఆర్థికవేత్తలు గ్రామీణ తమిళనాడులో సుమారు 19 వేల మంది పిల్లలను పరీక్షించారు. బడులు తెరిచిన ఆరు నెలలలో, కోల్పోయిన చదువులో దాదాపు మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. ఆ కోలుకోవడంలో దాదాపు నాలుగో వంతు ఈ సాయంత్రపు తరగతుల వల్లనేనని వారు తేల్చారు. వెయ్యి రూపాయల పారితోషికంతో, వీధి అరుగు మీద సాధించిన ఫలితం కనుక దీనిని తక్కువగా చూడరాదు.

అయితే ఇలాంటి కార్యక్రమం ఏదైనా ఒక సన్నని దారం మీద నడుస్తుంది. పిల్లవాడు రేపు కూడా రావాలి. బడికి రాకపోతే అడిగేవారు ఉన్నారు, హాజరుపట్టీ ఉంది, మధ్యాహ్న భోజనం ఉంది. సాయంత్రపు తరగతికి రాకపోతే ఏమీ కాదు. ఢిల్లీలో 2015లో పేద కుటుంబాల పిల్లలకు ఉచితంగా ఏర్పాటు చేసిన కంప్యూటరు ఆధారిత సాయంత్రపు చదువు కార్యక్రమాన్ని పరిశీలించినప్పుడు గణితంలోనూ హిందీలోనూ మంచి ప్రగతి కనిపించింది. కానీ పిల్లల సగటు హాజరు 60 శాతం కూడా లేదు. లాటరీలో అవకాశం దక్కినవారి పరిస్థితే అది.

కాబట్టి సాయంత్రపు కేంద్రంలో క్రమశిక్షణ సమస్య బడిలో ఉన్న సమస్యకు చిన్న నమూనా కాదు. దాని స్వభావమే వేరు. బడిలో కఠినంగా ఉండే ఉపాధ్యాయుని తరగతి ఖాళీ కాదు. ఇక్కడ ఖాళీ అవుతుంది. పైగా ముందుగా మానేసేది ఎవరు? బాగా చదివే పిల్లలు మానరు. ఎక్కాలు రానివాడు, అక్షరాలు కూడబలుక్కునే అమ్మాయి, ఇంట్లో చెల్లెలిని ఎత్తుకుని రావలసిన పిల్ల, వీరే మానేస్తారు. ఎవరి కోసం కేంద్రం పెట్టారో వారే లేకుండా పోతారు, మిగిలిన తరగతి ఎంతో నిశ్శబ్దంగా, ఎంతో క్రమశిక్షణతో కనిపిస్తుంది. పర్యవేక్షణకు వచ్చిన అధికారి మెచ్చుకుని వెళ్ళే తరగతి ఒక్కోసారి అదే.

ఈ మాట అనుభవంతోనే రాస్తున్నాను. మా చిన్నప్పుడు ఒక చిన్న పట్టణంలో ట్యూషన్ చెప్పే మాస్టారు ఉండేవారు. దెబ్బలు తినబోయే వాడే వెళ్ళి చింతబరికె విరుచుకుని రావాలి, అది అక్కడి నియమం. సన్నని బరికె తెస్తే మరో రెండు ఎక్కువ. నా పక్కన కూర్చునే కుర్రవాడు ఒక సాయంత్రం బరికె కోసం వెళ్ళి తిరిగి రాలేదు. మర్నాడూ రాలేదు. కొన్నాళ్ళకు సైకిలు షాపులో పంక్చర్లు వేస్తూ కనిపించాడు. మాస్టారు మంచివారు కాదని ఇప్పటికీ అనలేను. మాలో చాలామందికి ఆంగ్ల వ్యాకరణం వచ్చింది ఆయన వల్లనే. వాడికి మాత్రం రాలేదు.

చట్టం పట్టు ఎంతవరకు?

పిల్లలను కొట్టడం నేరమన్న సంగతి అందరికీ తెలుసు. ఏ చట్టం కింద, ఎక్కడ, ఎవరికి అన్నది చాలామందికి తెలియదు. ఇక్కడ కొంత ఓపికగా చూడవలసి ఉంది.

ఢిల్లీ పాఠశాలల నిబంధనలలో శారీరక దండనకు అనుమతినిచ్చే భాగాలను 2000 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002లో తన విద్యా నిబంధనలను సవరించి బడులలో దండనను నిషేధించింది. ఆ తరువాత 2009 నాటి విద్యాహక్కు చట్టం వచ్చింది. అది 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. దాని 17వ సెక్షన్ ప్రకారం ఏ పిల్లవాడినీ శారీరకంగా దండించరాదు, మానసికంగా వేధించరాదు. ఉల్లంఘించినవారిపై వారికి వర్తించే సర్వీసు నిబంధనల ప్రకారం క్రమశిక్షణ చర్య తీసుకోవాలి.

చిక్కు ఆ చివరి మాటలో ఉంది. సర్వీసు నిబంధనలు ఉద్యోగికి ఉంటాయి. నెలకు వెయ్యి రూపాయలు తీసుకునే వాలంటీరుకు, తన ఇంట్లో పదిమందికి ట్యూషన్ చెప్పుకునే గృహిణికి, వారాంతంలో వచ్చి పాఠం చెప్పే ఇంజినీరింగ్ విద్యార్థికి ఏ సర్వీసు నిబంధనలు వర్తిస్తాయి? నిషేధం ఉన్నట్టే ఉంది, దానిని అమలుపరిచే పిడి మాత్రం బడి ప్రహరీ గోడ దగ్గరే ఆగిపోయింది. కోచింగ్ కేంద్రాలపై కేంద్ర విద్యా శాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. అవి యాభై మందికి మించి విద్యార్థులున్న కేంద్రాలను ఉద్దేశించినవి. వీధి ట్యూషన్ వాటి పరిధిలోకి రాదు.

అలాగని ఆ గంటన్నర చట్టానికి అతీతం కాదు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలోని 75వ సెక్షన్, పిల్లవాడు ఎవరి సంరక్షణలో లేదా అదుపులో ఉన్నాడో ఆ వ్యక్తి అతనిపై దాడి చేసినా, అనవసరమైన శారీరక లేదా మానసిక బాధ కలిగేలా ప్రవర్తించినా నేరమంటోంది. శిక్ష మూడేళ్ళ వరకు జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. పిల్లల సంరక్షణ బాధ్యత అప్పగించిన సంస్థలో పనిచేసేవారు గానీ దానిని నడిపేవారు గానీ ఈ నేరం చేస్తే ఐదేళ్ళ వరకు కఠిన కారాగారం, ఐదు లక్షల వరకు జరిమానా. ఇందులో బడి అన్న మాటే లేదు, పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలందరికీ వర్తిస్తుంది. ఉపాధ్యాయుల మందలింపు ఏ మేరకు ఈ సెక్షన్ కిందకు వస్తుందన్న దానిపై హైకోర్టుల తీర్పులు ఒకే తీరుగా లేవన్నది నిజమే. కానీ అరుగు మీద చదువు చెప్పే వ్యక్తికి ఇది తెలిసి ఉండడం అవసరం. వాలంటీర్ల శిక్షణలో అక్షరాల ఆటలకు కేటాయించే సమయంలో కొంత దీనికీ కేటాయించవచ్చు.

పొరుగు దేశాల సంగతి ఈ విషయంలో ఆసక్తికరం. బంగ్లాదేశ్ హైకోర్టు 2011లో బడులలో శారీరక దండన రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించింది. పాకిస్థాన్ రాజధాని ఇస్లామాబాద్ ప్రాంతానికి 2021లో ప్రత్యేక చట్టం వచ్చింది. నేపాల్ మాత్రం 2018 నాటి బాలల చట్టంతో బడి, ఇల్లు, ఇతర స్థలం అన్న తేడా లేకుండా అన్ని చోట్లా నిషేధించింది. దక్షిణాసియాలో ఆ పని చేసిన మొదటి దేశం అదే. సాయంత్రపు తరగతి బడి కిందకు వస్తుందా, ఇంటి కిందకు వస్తుందా అన్న మీమాంస అక్కడ అక్కరలేదు.

గోడకుర్చీ ఎక్కడికి పోయింది?

తెలుగులో శిక్షలకు ఎంత పదసంపద ఉందో తలుచుకుంటే కొంత సిగ్గు కలుగుతుంది. గుంజీళ్ళు, తొడపాశం, గోడకుర్చీ, మోకాళ్ళ దండన, దూలానికి కట్టిన తాడు పట్టుకుని వేలాడే కోదండం. వీధిబడుల కాలంలో ఇవన్నీ పాఠ్యప్రణాళికలో భాగమన్నంత సహజంగా ఉండేవి. కోదండం పోయింది. గోడకుర్చీ పోయిందని చెప్పలేము. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2012లో శారీరక దండన నిర్మూలనకు ఇచ్చిన మార్గదర్శకాలలో, గోడకు ఆనించి కుర్చీ భంగిమలో నిలబెట్టడాన్ని ప్రత్యేకంగా పేర్కొనవలసి వచ్చింది. బెంచీ ఎక్కించడం, నెత్తిన పుస్తకాల సంచి పెట్టి నిలబెట్టడం, కాళ్ళ మధ్య నుంచి చేతులు పోనిచ్చి చెవులు పట్టించడం, మోకరిల్లజేయడం, గదిలో ఒంటరిగా బంధించడం, అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి.

ఆ జాబితా రెండో భాగం మరింత ముఖ్యమైనది. అది మాటల గురించి. పేర్లు పెట్టి పిలవడం, వెక్కిరించడం, పిల్లవాడి నేపథ్యాన్ని, తల్లిదండ్రుల వృత్తిని, కులాన్ని ఎత్తిచూపుతూ నవ్వడం మానసిక వేధింపేనని కమిషన్ చెప్పింది. సాయంత్రపు కేంద్రంలో ఇది మరీ సున్నితమైన విషయం. బడిలో ఉపాధ్యాయుడు చాలాసార్లు పరాయి ఊరివాడు. ఇక్కడ పాఠం చెప్పే వ్యక్తి అదే వీధివాసి. ఎవరి నాన్న తాగి వస్తాడో, ఎవరింట్లో అప్పులున్నాయో, ఎవరు ఏ వాడకు చెందినవారో అన్నీ తెలిసిన మనిషి. ఆ తెలివిడి పిల్లవాడిని అర్థం చేసుకోవడానికి ఉపయోగపడుతుంది. కోపం వచ్చిన క్షణంలో అదే ఆయుధమవుతుంది. "మీ నాన్న సంగతి నాకు తెలియదా" అన్న ఒక్క మాట తగిలే చోటు బెత్తానికి అందదు.

దండనను మాన్పించబోయి అవమానాన్ని తెచ్చిపెట్టుకోవడం కొత్త సంగతి కాదు. పద్దెనిమిదో శతాబ్దపు చివర మద్రాసు ఎగ్మూరులోని సైనిక అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్, ఇక్కడి వీధిబడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి, పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకు చదువు చెప్పించే పద్ధతిని రూపొందించాడు. 1797లో లండనులో దాని గురించి పుస్తకం ప్రచురించాడు. 'మద్రాసు పద్ధతి'గా అది ఐరోపా అంతటా పాకింది. బెత్తం అవసరం తగ్గుతుందన్నది ఆ పద్ధతి ఆకర్షణలలో ఒకటి. దాదాపు అదే కాలంలో లండనులో అటువంటి బడినే నడిపిన జోసెఫ్ లాంకాస్టర్ బెత్తాన్ని వ్యతిరేకించాడు. దానికి బదులు తప్పు చేసిన పిల్లవాడిని బుట్టలో కూర్చోబెట్టి పైకప్పుకు వేలాడదీసి అందరి చేతా నవ్వించేవాడు. మన కోదండానికి దగ్గరి చుట్టమే అది. కాకపోతే చేతులకు నొప్పి లేదు.

ఈ పెద్దపిల్లల పద్ధతి ఇవాళ కూడా సాయంత్రపు కేంద్రాలలో సజీవంగా ఉంది. ఇరవై మందికి ఒక్కరే ఉన్నప్పుడు ఏడో తరగతి పిల్ల రెండో తరగతి పిల్లలకు చదువు చెప్పడం సహజం, మంచిది కూడా. చదువు చెప్పే బాధ్యత ఇవ్వడం వేరు, అల్లరి చేసేవారి పేర్లు రాసే అధికారం ఇవ్వడం వేరు. రెండోది ఇస్తే లీడరుగా ఉన్న పిల్లల చిన్నచిన్న కక్షలు తరగతి న్యాయంగా మారిపోతాయి. ఈ ఒక్క జాగ్రత్త తీసుకుంటే సగం గొడవలు రావని చాలాకాలం పిల్లలతో పనిచేసినవారు చెబుతారు.

ఇక దండన వ్యాప్తి గురించి ఒకటి రెండు అంకెలు. కేంద్ర స్త్రీ శిశు సంక్షేమ శాఖ 2007లో వెలువరించిన బాలలపై హింస అధ్యయనంలో, బడికి వెళ్ళే పిల్లల్లో ప్రతి ముగ్గురిలో ఇద్దరు శారీరక దండన అనుభవించామన్నారు. అధ్యయనం జరిగిన పదమూడు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. నాలుగు దేశాలలో పిల్లల ఎదుగుదలను ఏళ్ళ తరబడి పరిశీలిస్తున్న 'యంగ్ లైవ్స్' అధ్యయనం భారతదేశంలో తెలుగు రాష్ట్రాలలోనే జరిగింది. ఎనిమిదేళ్ళ పిల్లలను అడిగితే, గడిచిన వారంలో ఉపాధ్యాయుడు ఎవరినో కొట్టడం చూశామని పదిమందిలో తొమ్మిదిమందికి పైగా చెప్పారు. వాలంటీరుగా ముందుకు వచ్చిన ఇరవై ఏళ్ళ యువతి కూడా అటువంటి తరగతి గదిలోనే పెరిగింది. ఇతర దారి చూపకుండా ఆమెను కొట్టవద్దని మాత్రమే అంటే, ఆమె చేతిలో మిగిలేది కేకలే.

"నువ్వు ఇంటికి వెళ్ళిపో"

సాయంత్రపు కేంద్రాలకే ప్రత్యేకమైన శిక్ష ఒకటి ఉంది. అది హానిలేనిదని అందరూ అనుకుంటారు. మాట వినని పిల్లవాడిని పుస్తకాలు సర్దుకుని ఇంటికి పొమ్మనడం. బడిలో ఇది సాధ్యం కాదు, గేటు ఉంటుంది, అడిగే ప్రధానోపాధ్యాయుడు ఉంటాడు. ఇక్కడ అరుగు దిగితే వీధే.

సాయంత్రం ఆరున్నరకు, చీకటి పడే వేళ, తొమ్మిదేళ్ళ పిల్లవాడు ఒంటరిగా బయటకు వెళ్ళాడు. తల్లి కూలి నుంచి ఇంకా రాలేదు, వచ్చినా పిల్లవాడు తరగతిలోనే ఉన్నాడనుకుంటుంది. అతడు ఎక్కడ ఉన్నాడో ఏడున్నర వరకు ఎవరికీ తెలియదు. రోడ్డు దాటాలి, చెరువు గట్టు ఉండవచ్చు, కుక్కలు ఉండవచ్చు, మనుషులూ ఉండవచ్చు. ఆడపిల్ల అయితే చెప్పనక్కరలేదు. కేంద్రం సమయంలో పిల్లవాడు నిర్వాహకుల అదుపులో ఉన్నట్టే లెక్క. అందుచేత పిల్లలను సమయానికి ముందు పంపివేయడం ఏ పరిస్థితిలోనూ శిక్ష కాకూడదని కేంద్రం నడిపేవారు మొదటి రోజే రాసి పెట్టుకోవాలి.

దీనికి తోబుట్టువైన మరో శిక్ష తండ్రికి చెప్పడం. "మీ వాడు మాట వినడం లేదండీ" అన్న ఫిర్యాదు ఇంట్లో ఏమవుతుందో ముందే ఊహించాలి. కొన్ని ఇళ్ళలో అది మాటతో తీరుతుంది. కొన్ని ఇళ్ళలో ఆ రాత్రి బెల్టు తీస్తారు. తన చేత్తో కొట్టకుండా మరొకరి చేత కొట్టించినట్టు అవుతుంది. తల్లిదండ్రులతో మాట్లాడవద్దని కాదు. మొదటిసారి మాట్లాడేది ఫిర్యాదుతో కాకూడదు. పిల్లవాడు మూడు అంకెల తీసివేత నేర్చుకున్న రోజున ఇంటి గుమ్మం దాకా వెళ్ళి చెప్పిన వాలంటీరు, నెల తరువాత ఇబ్బంది చెప్పినప్పుడు ఆ తల్లి వేరుగా వింటుంది.

మూడోది అల్పాహారం ఆపడం. చాలా కేంద్రాలలో గుగ్గిళ్ళో, బిస్కట్లో, అరటిపండో ఇస్తారు. అల్లరి చేసినవాడికి అది ఇవ్వకపోవడం తేలికైన మార్గంగా కనిపిస్తుంది. కానీ ఐదున్నర వేళ అల్లరికి చాలాసార్లు కారణం ఆకలే. మధ్యాహ్నం పన్నెండున్నరకు తిన్న అన్నం ఎప్పుడో అరిగిపోయింది. పాఠం అయ్యాక ఇచ్చే తినుబండారాన్ని పాఠానికి ముందు ఇచ్చి చూడండి. పది నిమిషాలు పరుగెత్తనిచ్చి అప్పుడు కూర్చోబెట్టి చూడండి. పిల్లలలో మార్పు తేవడానికి ముందు వేళాపట్టికలో మార్పు తేవడం చవక.

మందలింపులో ఉన్న పనితనం

"మొక్కై వంగనిది మానై వంగునా" అన్న సామెతను కొట్టేవారే ఎక్కువగా వాడుకున్నారు. మొక్కను వంచడం తెలిసిన తోటమాలి దానిని విరవడు, పక్కన ఒక కర్ర పాతి వదులుగా కడతాడు. ఆ కర్ర పని సాయంత్రపు తరగతిలో చేసేవి కొన్ని ఉన్నాయి.

మొదటిది రోజూ ఒకే తీరున మొదలుపెట్టడం. చెప్పులు వరుసగా విడవడం, కాళ్ళు కడుక్కోవడం, నీళ్ళు తాగడం, తన చోట కూర్చోవడం. ఇవి వారం రోజులు వాలంటీరు పక్కన నిలబడి చేయిస్తే తరువాత పిల్లలే చేసుకుంటారు. ఎప్పుడు ఏం జరుగుతుందో తెలియని తరగతిలోనే గోల ఎక్కువ. నియమాలు నాలుగైదుకు మించకూడదు, అవి పిల్లల నోట రావాలి. "మన తరగతిలో ఏది జరిగితే మీకు బాధగా ఉంటుంది?" అని అడిగితే, పెన్సిలు లాక్కోవడం, తప్పు చదివినప్పుడు నవ్వడం, కొట్టుకోవడం అని వాళ్ళే చెబుతారు. అవే నియమాలు. పెద్దలు రాసిన నియమాన్ని తప్పించుకోవడం పిల్లలకు ఆట. తాము పెట్టుకున్న దానిని ఎవరైనా తప్పితే వాళ్ళే ఊరుకోరు.

తప్పు జరిగినప్పుడు పర్యవసానం తప్పుకు సంబంధించినదై ఉండాలి. సిరా ఒలకబోసినవాడు తుడవాలి. పుస్తకం చింపినవాడు అట్ట వేసి అతికించాలి. ఎవరినైనా ఏడిపించినవాడు ఆ పిల్లతోనే సర్దుకోవాలి. వీటిలో ఏదీ వందసార్లు ఇంపోజిషన్ రాయడం కాదు. రాతను శిక్షగా మార్చిన కేంద్రం, రాయడం నేర్పవలసిన తన పనిని తానే చెడగొట్టుకుంటోంది.

మాట తీరు ఉంది. "నువ్వెప్పుడూ ఇంతే" అన్న వాక్యానికి పిల్లవాడి దగ్గర జవాబు లేదు. "ఇవాళ నువ్వు వాడి పుస్తకం లాక్కున్నావు. వాడు ఏడుస్తున్నాడు. ఇప్పుడేం చేద్దాం?" అన్నదానికి ఉంది. రెండో మాట పదిమంది ముందు కాకుండా పక్కకు పిలిచి, వాడి ఎత్తుకు వంగి చెప్పినప్పుడు, "అక్కా, వాడే ముందు..." అని మొదలుపెట్టి అసలు సంగతి బయటపెడతాడు. పక్కకు పిలవడం అంటే తలుపు వేసిన గదిలోకి తీసుకువెళ్ళడం కాదు. అందరికీ కనిపించే చోట, ఎవరికీ వినిపించనంత దూరంలో. ఇది పిల్లల రక్షణకూ అవసరం, వాలంటీరు రక్షణకూ అవసరం. మాటల మధ్య లైంగిక వేధింపు సంగతి ఏదైనా పిల్లల నోట వస్తే దానిని దాచే వీలు లేదు. పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారు పోలీసులకు తెలపడం తప్పనిసరి, తెలపకపోవడం శిక్షార్హం. ఎటువంటి ఆపదలో ఉన్న పిల్లల కోసమైనా 1098 నంబరు ఉంది.

పదమూడు, పద్నాలుగేళ్ళ కుర్రవాళ్ళ సంగతి వేరు. తమకన్నా ఐదారేళ్ళే పెద్దయిన అమ్మాయి మాట వినడం వారికి నామోషీ. వారితో అధికారం చెలాయించబోతే ఓటమి ఖాయం. పని అప్పగిస్తే ఫలితం ఉంటుంది. చాపలు పరవడం, దీపం చూసుకోవడం, చిన్నవాళ్ళను వీధి చివరి దాకా దిగబెట్టి రావడం. ఇవి పిల్లవాడిని మాయచేసే ఉపాయాలని అనుకోనక్కరలేదు. ఆ వయసులో ఊరికి తన అవసరం ఉందని తెలియడం పాఠంలో భాగమే.

మార్గదర్శి ఎంతకాలం ఉంటారు?

ఇంతవరకు చెప్పినదంతా ఒక షరతు మీద ఆధారపడి ఉంది. ఆ అక్కో అన్నో రేపు కూడా ఉండాలి. పిల్లలు రావడం మానేస్తారని మొదట అనుకున్నాము. అంతకన్నా ఎక్కువగా మానేసేది పెద్దలే.

అమెరికాలో పెద్దలను పిల్లలకు మార్గదర్శకులుగా జతచేసే ఒక పాత కార్యక్రమాన్ని జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ అనే పరిశోధకులు పరిశీలించి 2002లో ఫలితాలు ప్రచురించారు. ఏడాది, అంతకు మించి కొనసాగిన జతలలో పిల్లలకు ఎక్కువ మేలు జరిగింది. కాలం తగ్గినకొద్దీ మేలు తగ్గింది. మూడు నెలలలోపే విడిపోయిన జతలలో మేలు లేకపోగా, తమ విలువ మీద పిల్లలకున్న నమ్మకం అంతకు ముందుకన్నా పడిపోయింది. దేశం వేరైనా ఈ సంగతి మనకు అర్థం కానిది కాదు. ఇంట్లోనో బడిలోనో ఇదివరకే వదిలివేయబడ్డానన్న భావన ఉన్న పిల్లవాడికి, చేరదీసిన మనిషి చెప్పకుండా రాకపోవడం దెబ్బే.

మన సాయంత్రపు కేంద్రాలలో ఈ జాగ్రత్త లోపిస్తోందని చెప్పక తప్పదు. డిగ్రీ పరీక్షలు రాగానే వాలంటీరు మానేస్తుంది, పెళ్ళి కుదిరితే మానేస్తుంది, వేరే ఉద్యోగం దొరికితే మానేస్తుంది. నెలకు వెయ్యి రూపాయలు ఇచ్చి ఎందుకు మానేశావని అడిగే హక్కు ఎవరికీ లేదు. నగరాలలో స్వచ్ఛందంగా వచ్చే ఉద్యోగులు, కళాశాల విద్యార్థులు ఎంతో ఉత్సాహంగా మొదలుపెట్టి ఆరేడు వారాలకు చల్లబడతారు. నాలుగు వారాలు వచ్చి ఫొటోలు దిగి వెళ్ళే ఏర్పాటును పిల్లలకు మార్గదర్శనమని పిలవకపోవడమే మంచిది. దానికి వేరే పేరు పెట్టుకోవచ్చు.

వెళ్ళడం తప్పనిసరైతే వెళ్ళే తీరు ఒకటి ఉంది. కనీసం పదిహేను రోజుల ముందు పిల్లలకు చెప్పాలి. కొత్తగా వచ్చే వ్యక్తి ఒక వారం పాటు పాత వ్యక్తి పక్కన కూర్చోవాలి. ఎవరికి ఏ పాఠం దగ్గర ఆగిపోతుందో, ఎవరు ఆకలితో వస్తారో, ఎవరిని పదిమందిలో పిలవకూడదో ఒక నోటు పుస్తకంలో రాసి అప్పగించాలి. ఆ పుస్తకంలో ఎవరి ఇంటి గుట్టూ ఉండకూడదు, పిల్లవాడికి పనికివచ్చే సంగతే ఉండాలి. చివరి రోజున పిల్లలు అడుగుతారు, "అక్కా, మళ్ళీ ఎప్పుడొస్తావు?" అని. రానని తెలిసినప్పుడు వస్తానని చెప్పకూడదు. కొత్త అక్క పేరు చెప్పి, రేపు ఐదున్నరకు ఇదే అరుగు మీద ఉంటుందని చెప్పాలి, మర్నాడు ఐదున్నరకు ఆమె అక్కడ ఉండాలి.